రేసింగ్ హెల్మెట్లు: మేలు రకాల తారతమ్యం

రేసింగ్ హెల్మెట్ అంటే గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంలోనూ తల మీద కదలకుండా నిలిచేటట్లు రూపొందించి, పందేల నిర్వాహక సంస్థలు గుర్తించిన పరీక్షలలో నెగ్గిన, ముఖమంతా కప్పే శిరస్త్రాణం. జపాన్‌కు చెందిన అరాయ్, షోయీ, ఇటలీకి చెందిన ఏజీవీ, దక్షిణ కొరియాకు చెందిన హెచ్‌జేసీ ఈ తరగతిలో తరచుగా పోల్చి చూసే పేర్లు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో పందేల ట్రాక్ లేదు. ఈ రకాలను వాటి అసలు పనిలో చూడాలంటే చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ దాకా పోవలసిందే. అయితే పెద్ద బైకులు నడిపేవారు ఇవే హెల్మెట్లను రోడ్డు మీద కూడా వాడుతున్నందున, కత్తిపూడి–ఒంగోలు 216వ జాతీయ రహదారి మీదుగా సూర్యలంక తీరానికి వచ్చే ప్రయాణికునికి కూడా ఈ తారతమ్యం పనికివచ్చేదే.

పందెగాళ్ల తలకు రక్షణ తప్పనిసరి కావడం 1914 నాటి మాట. ఇంగ్లండ్‌లోని బ్రూక్‌ల్యాండ్స్ ట్రాక్ వైద్యుడు ఎరిక్ గార్డ్‌నర్ క్యాన్వాస్ గుడ్డకు లక్క పట్టించి చేయించిన టోపీలను ఆ సంవత్సరం ఐల్ ఆఫ్ మ్యాన్ మోటార్‌సైకిల్ పందేలలో నిర్బంధం చేశారు. 1935లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో మరణించిన బ్రిటిష్ సైనికాధికారి, రచయిత టి. ఇ. లారెన్స్‌కు చికిత్స చేసిన వైద్యులలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ 1941లో తల గాయాలపై వెలువరించిన వ్యాసం ఈ విషయానికి శాస్త్రీయ పునాది వేసింది. ముఖమంతా కప్పే రేసింగ్ హెల్మెట్ ఎప్పుడు పుట్టిందన్నది కొంత వివాదాస్పదం. అమెరికాకు చెందిన బెల్ సంస్థ తయారుచేసిన ‘స్టార్’ నమూనాకు కొందరు 1966ను, మరికొందరు 1968ని చెబుతారు. రూపకల్పన ముందే జరిగి ఉండవచ్చు గాని, అమెరికన్ పందెగాడు డాన్ గర్నీ దానిని ధరించి కారు పందేలలో కనిపించిన 1968నే వాడుకకు ఆరంభంగా తీసుకోవడం సమంజసం.

ఏ సంస్థ తయారుచేసినా నిర్మాణ సూత్రం ఒకటే. గట్టి బయటి పెంకు దెబ్బను విశాలమైన మేర మీదికి పరుస్తుంది. దాని లోపల ఉండే, థర్మోకోల్‌గా అందరికీ తెలిసిన పాలీస్టైరీన్ నురుగు పొర నలిగిపోతూ ఆ శక్తిని తనలో ఇముడ్చుకుంటుంది. ఒకసారి నలిగిన పొర మళ్లీ పూర్వస్థితికి రాదు కనుకనే, పైకి గీత కూడా కనిపించకపోయినా, గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మార్చివేయాలని తయారీదారులందరూ చెబుతారు. మేలు రకాలలో ఈ పొరను నుదురు, నడినెత్తి, పక్కలకు వేర్వేరు సాంద్రతలలో పోస్తారు.

సంస్థల మధ్య అసలు భేదం పెంకు విషయంలోనే కనిపిస్తుంది. టోపీల తయారీదారైన హిరోతాకే అరాయ్ స్థాపించిన సంస్థ, పెంకు గుండ్రంగా, నున్నగా ఉంటే తల దేనికీ తట్టుకోకుండా జారిపోతుందన్న సిద్ధాంతాన్ని దశాబ్దాలుగా పట్టుకొని ఉంది. పెంకు వంపు వ్యాసార్ధం 75 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నది ఆ సంస్థ నియమం. ఆర్‌ఎక్స్-7 శ్రేణిలో వైజర్ కీలును కిందికి దించడం కూడా ఆ నున్నదనం కోసమే. గాలి రంధ్రాలకు బిగించిన భాగాలు దెబ్బకు విరిగిపోయేటట్లు చేస్తారు. 1959లో స్థాపితమైన షోయీ గాలి సొరంగ పరీక్షలకు ప్రాధాన్యమిచ్చి, ఎక్స్-ఫిఫ్టీన్ నమూనాలో తల వెనుక భాగాన్ని వేగానికి అనువుగా మలిచింది. జీనో అమిసానో 1947లో వాలెంజా పట్టణంలో ఆరంభించిన ఏజీవీ మరో దారి పట్టింది: పిస్టా జీపీ ఆర్ఆర్ నమూనాలో కార్బన్ ఫైబర్ పెంకు, విశాలమైన చూపు, వెనుక దెబ్బకు ఊడిపోయే రెక్క, పందెం మధ్యలో నీరు తాగడానికి గొట్టం ఉన్నాయి. అగోస్తీని నుంచి వలెంతీనో రోస్సి వరకు ఏజీవీ ధరించిన మోటార్‌సైకిల్ పందేల విజేతల కీర్తి దాని ధరలో కలిసి ఉన్నదనే అభిప్రాయం తోసిపుచ్చదగినది కాదు. 1971లో మొదలైన హెచ్‌జేసీ ఆర్‌పీహెచ్‌ఏ శ్రేణితో ఈ వరుసలో చేరింది.

ప్రమాణాల సంగతి మరింత శ్రద్ధగా చూడవలసినది. పాత ఐరోపా ప్రమాణం 22.05 హెల్మెట్‌ను సెకనుకు 7.5 మీటర్ల వేగంతో ఇనుప దిమ్మెపై పడవేసి, లోపలి నమూనా తలకు తగిలే కుదుపు 275 జీ, అంటే గురుత్వ త్వరణానికి 275 రెట్లు, దాటరాదని నిర్ణయించింది. అమెరికా ప్రభుత్వ ప్రమాణం 400 జీ వరకు అనుమతిస్తుంది. 1956లో కారు పందెంలో మరణించిన పీట్ స్నెల్ పేరిట మరుసటి సంవత్సరం ఏర్పడిన స్నెల్ సంస్థ మరింత బలమైన దెబ్బలతో పరీక్షించేది. అయితే అందులో నెగ్గాలంటే పెంకు మరీ గట్టిగా ఉండాలనీ, అటువంటి పెంకు సాధారణ ప్రమాదంలో మెదడుకు ఎక్కువ కుదుపునిస్తుందనీ 2005లో అమెరికాలో పెద్ద వాదన చెలరేగింది. స్నెల్ ఆ వాదనను అంగీకరించకపోయినా, 2010 ప్రమాణంలో కుదుపు పరిమితిని 300 నుంచి 275 జీకి తగ్గించింది. విమర్శలో కొంత బలం ఉన్నదనడానికి ఇది చాలు. కొత్త ఐరోపా ప్రమాణం 22.06లో ఎక్కువ, తక్కువ వేగాలు రెండింటి దెబ్బలతో పాటు, 45 డిగ్రీల వాలుపై పడవేసి తల ఎంత గిరుక్కున తిరుగుతుందో కొలిచే పరీక్ష చేరింది. మెదడు గాయాలలో ఈ తిరుగుడు పాత్ర గణనీయం కనుక ఇదే అన్నిటికంటె ముఖ్యమైన మార్పు. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఇటువంటి పరీక్షతో కూడిన తన సొంత ధ్రువీకరణను 2019లో గ్రాండ్ ప్రి పందేలకు తప్పనిసరి చేసింది. పై నాలుగు సంస్థలకూ ఈ ధ్రువీకరణ పొందిన నమూనాలు ఉన్నందున, వాటి మధ్య రక్షణలో భేదం ధరల భేదమంత ఉంటుందని భావించడానికి ఆధారం లేదు. 2007లో బ్రిటన్ ప్రభుత్వం ఆరంభించిన షార్ప్ పరీక్షలలో చౌక హెల్మెట్లు కొన్ని అత్యధికమైన ఐదు నక్షత్రాలు పొందడం కూడా ఈ మాటనే బలపరుస్తుంది.

కనుక ఎంపికలో ముందు చూడవలసినది తల ఆకారం. అరాయ్ పొడవు తలకు, షోయీ మధ్యరకానికి సరిపోతాయన్న మాట వినిపిస్తుంది గాని, నమూనాను బట్టి అది మారుతుంది. పెట్టుకొని తల విదిలించినప్పుడు కదలనిదే సరైన కొలత. తర్వాతిది గాలి ప్రసరణ; వేడి పందెగాళ్లను ఎంత దెబ్బతీయగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2023 సెప్టెంబరు 24న గ్రేటర్ నోయిడాలో జరిగిన భారత్ మోటోజీపీ పందెంలో వేడి కారణంగా 24 చుట్లను 21కి తగ్గించారు. అయినా రెండో స్థానంలో వచ్చిన హోర్హే మార్టిన్ ముగింపులో వైద్య సహాయం పొందాడు. ఉక్కపోత నిత్యమైన సూర్యలంక తీరంలో, ముందుకు వంగి నడిపే భంగిమకూ అధిక వేగానికీ కుదిర్చిన రేసింగ్ రంధ్రాలు నిటారుగా, నెమ్మదిగా సాగే బైకుపై అంతగా పనిచేయకపోవచ్చు. ఇక్కడ విప్పి ఉతకదగిన లోపలి మెత్తలే ఎక్కువ ఉపయోగం.

చట్టం మాట వేరు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ భారతీయ ప్రమాణాలకు లోబడిన హెల్మెట్‌నే కోరుతుంది. 2021 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఆ ప్రమాణాలకు సూచికైన ఐఎస్ఐ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్లను దేశంలో అమ్మరాదు, దిగుమతి చేయరాదు. విదేశం నుంచి బంధువులు తెచ్చిన అరాయ్ ఎంత మేలైనదైనా, ఆ గుర్తు లేకపోతే బాపట్ల రోడ్డుపై అది చట్టానికి సరిపడే హెల్మెట్ కాదు.