కువైట్ వాసుల ఎడారి విడిదులు

కువైట్ నగర చరిత్రను చదువువారు దాని నౌకలను గూర్చియు, ముత్తెముల వేటను గూర్చియు, 1938లో బుర్గాన్‌ యందు బయల్పడిన చమురును గూర్చియు విశేషముగా తెలిసికొందురు గాని, ఆ నగరవాసులు ఏటేట చలికాలమున గుడారములతో ఎడారికి తరలిపోవు ఆచారమును అంతగా పాటింపరు. ఆ జనుల హృదయము నెఱుగుటకు ఈ ఆచారమును మించిన సాధనము లేదని నా విశ్వాసము.

నగరమును నిలిపిన ఉతూబ్ కుటుంబములు 18వ శతాబ్దియందు నజ్ద్ ప్రాంతపు ఎడారినుండి వచ్చి కడలి యొడ్డున స్థిరపడినవి. వేసవియంతయు పురుషులు ముత్తెములకై సముద్రముపై గడపుచుండిరి. చలికాలపు వానలకు ఇసుకనేల పచ్చబడినంతనే పూర్వుల భూమి వారిని మరల పిలుచుచుండెను. 1920లో నజ్ద్ మతయోధులైన ఇఖ్వాన్ దండు భయముచే పౌరులందఱును పూనుకొని ఊరిచుట్టును మట్టిగోడను కట్టిరి. రాత్రివేళ తలుపులు మూయబడు ఆ కోటగోడ శత్రువును ఆపినది గాని, ద్వారము దాటి ఎడారికి పోవు వేడుకను ఆపలేదు.

ఆ విడిదులకు ఆశ్రయము మేకవెండ్రుకల నేతతో చేసిన నల్లని గుడారము. ఎండలో దాని పోగుల నడుమ గాలి యాడును. వాన తగిలినచో పోగులుబ్బి సందులు మూసికొనును. అక్టోబరు నడుమనుండి పడు తొలివానలు సకాలమున కురిసిన యేట నేలలోపల ఒక జాతి పుట్టగొడుగు పుట్టును. అరబ్బులు దానిని ఫగా అందురు. రగ్రూగ్ అను చిన్న మొక్క చెంత నేల యించుక యుబ్బి నెఱ్ఱెవాసిన చోటును ఏటవాలు వెలుగులో కనిపెట్టి, చిన్న కఱ్ఱతో మెల్లగా త్రవ్వి, ఇసుక పోవువఱకు పలుమాఱు కడిగి వండుదురు. ఈ వెదకులాటయందు ముసలివారికిని పిల్లలకును సమానమైన ఉత్సాహము.

1929 నుండి 1936 వఱకు అచట బ్రిటిషు ప్రతినిధిగా నుండిన డిక్సన్ ఈ ఎడారి జీవనమును తాను కన్నట్లు గ్రంథస్థము చేసెను; ఆయన భార్య వయొలెట్ ఆ నేలపై పూచు పూలను సేకరించి వర్ణించెను.

1946లో చమురు ఎగుమతి యారంభమై, ఒంటె పోయి మోటారు వచ్చినది. 1957లో ద్వారములను మాత్రము నిలిపి కోటగోడను పడగొట్టిరి. అంతవఱకు యత్నముతో కూడిన ప్రయాణము ఒక్క గడియలో ముగియు విహారమైనది. శుక్రవారపు సెలవునకే పోయి వచ్చుట సాధ్యమైనది. 1990-91 నాటి గల్ఫ్ యుద్ధమున ఆఱువందలకు పైగా చమురుబావులు దగ్ధమై, ఇసుకలో పాతిన మందుపాతరలు ఈ వేడుకను ప్రాణాంతకము చేసినను, నేల శుభ్రమైన పిమ్మట జనులు మరల గుడారములు వేసిరి. ఇంతకంటె ఈ యాచారపు బలమునకు నిదర్శనమేల?

అయినను ఇప్పటి ముప్పు శత్రువునుండి కాదు, మితిలేని ప్రేమనుండి. బండ్ల చక్రములకు నేల గట్టిపడి వాననీటిని పీల్చుకొనదు. మందల మేపు తోడై, దేశపుష్పమైన పసుపు అర్ఫజ్ కంచెలులేని చోట్ల కనుమరుగగుచున్నది. అందుచేతనే నవంబరు నడుమనుండి మార్చి నడుమ వఱకు మాత్రము, నిర్ణీత స్థలములందు, పురపాలక సంఘపు అనుమతితో విడిదిని ఏర్పఱచుకొనవలెనను నియమము వచ్చినది. అది ఎంతయు సమంజసము.

కడప, గోదావరి మండలములనుండి పోయి అచటి ఇండ్లలో డ్రైవర్లుగను వంటవారుగను పనిచేయు మనవారు అనేకులు ఈ విడిదులకు యజమానుల వెంట పోవుచుందురు. బండిని నడుపు చేయియు, పొయ్యి రాజేయు చేయియు పెక్కుచోట్ల మనవారివే గావున, పాతబాట విడిచి పచ్చిక త్రొక్కకుండుటయు, ఎండు అర్ఫజ్‌నైనను పెఱికి పొయ్యిలో పెట్టకుండుటయు మన కర్తవ్యము కూడనని ఆ సోదరసోదరీమణులకు మనవి చేయుచున్నాను.