పార్శిల్ డబ్బాలో థాయ్‌లాండ్

లాస్ ఏంజిలస్‌లోనైనా డాలస్‌లోనైనా మధ్యాహ్నం పన్నెండు దాటాక పేటలోని థాయ్ హోటల్లో జరిగే తంతు ఒక్కటే. ఫోన్లో ఆర్డరు చెప్పినవాళ్లు వస్తారు, కౌంటర్ దగ్గర పేరు చెబుతారు, కవరు అందుకుని ఆఫీసుకు పోతారు. లోపల ప్యాడ్ థాయ్, కాదంటే అన్నం, గ్రీన్ కర్రీ. పక్కన ఒక స్ప్రింగ్ రోల్. లంచ్ స్పెషల్ అంటారు దాన్ని. ఇంత మామూలు పార్శిల్ మనదాకా రావడానికి ఒక నియంత, ఒక యుద్ధం, ఒక వలస చట్టం, ఒక కిరాణా కొట్టు కావలసి వచ్చాయి. నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది ఆ కిరాణా కొట్టే.

ముందు ప్యాడ్ థాయ్ సంగతి. థాయ్‌ల తాతముత్తాతల నాటి వంటకం అనుకుంటాం గానీ, జాతీయ వంటకంగా దాని వయసు నూరేళ్లు కూడా లేదు. 1938 చివర్లో ప్రధాని అయిన సైనికాధికారి ఫిబున్ సోంగ్‌క్రామ్ మరుసటి ఏడే సయాం పేరును థాయ్‌లాండ్‌గా మార్చాడు. జనం ఎలాంటి బట్టలు కట్టాలో, జెండాకు ఎలా వందనం చేయాలో చెబుతూ 1939-42 మధ్య 12 ఫర్మానాలు వెలువడ్డాయి. నూడుల్స్ తినండని ఊదరగొట్టింది కూడా ఆ ప్రభుత్వమే. రెండో ప్రపంచ యుద్ధంతో పాటు 1942లో వరదలు కూడా వచ్చిపడ్డాయి, బియ్యానికి కటకట. అన్నం వండుకునే బదులు నూడుల్స్ చేసుకుంటే బియ్యం పొదుపవుతుందని లెక్క వేశారు. ప్యాడ్ థాయ్‌ని ఫిబునే కనిపెట్టాడన్న కథను నమ్మనక్కర్లేదు. దాన్ని వీధివీధికీ తీసుకుపోయిన ఊపు మాత్రం ఆయన హయాంలోదే. నూడుల్స్, వాటిని బాణలిలో వేపే పద్ధతి చైనా వలసదారుల వెంట వచ్చినవి. చైనావాళ్ల వ్యాపారాల మీద ఆంక్షలు పెట్టిన సర్కారే వాళ్ల తిండికి జాతీయ ముద్ర వేసింది! రుచిలో థాయ్‌తనమంతా చింతపండు, తాటిబెల్లం, చేపల సాస్‌లలో ఉంది. మొదటి రెండూ బెల్లం వేసి పులుసు పెట్టే తెలుగింటికి కొత్తవి కావు.

వియత్నాం యుద్ధకాలంలో థాయ్‌లాండ్‌లోని ఉడోన్, ఉబోన్, కోరాట్ స్థావరాల నుంచి అమెరికా విమానాలు ఎగిరాయి. వేలాదిమంది సైనికులు థాయ్ కూరల రుచి మరిగి ఇళ్లకు చేరారు. ఇటు 1965 వలస చట్టం ఆసియావాళ్లకు అమెరికా తలుపులు తెరిచింది. తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు డెట్రాయిట్‌కూ న్యూజెర్సీకీ చేరిందీ ఆ చట్టం పుణ్యాన్నే. అదే దారిన చదువుకోవడానికో నర్సు ఉద్యోగానికో వచ్చిన థాయ్‌లు లాస్ ఏంజిలస్‌లో ఎక్కువగా స్థిరపడ్డారు.

వాళ్లకు వండటం వచ్చు, వండడానికి సరుకే లేదు. నిమ్మజాతి ఆకులు, తాజా దుంపలు తెగుళ్లు మోసుకొస్తాయని అమెరికా వ్యవసాయ శాఖ దిగుమతులకు అడ్డం పడేది. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రకం, కాఫిర్ నిమ్మ ఆకులు లేని గ్రీన్ కర్రీ ఉత్త కొబ్బరిపాల పులుసు. ఆ పరిస్థితుల్లో, 1970ల తొలి రోజుల్లో ప్రమోర్ట్ తిలకమొంకుల్ అనే థాయ్ వలసదారు లాస్ ఏంజిలస్‌లోని మెల్రోజ్ అవెన్యూ దగ్గర బ్యాంకాక్ మార్కెట్ తెరిచాడు. అమెరికాలో తొలి థాయ్ కిరాణా కొట్టుగా దానికి పేరు. డబ్బా కొబ్బరిపాలు, సీసాల్లో చేపల సాస్ ఓడలో వచ్చేవి. తాజా సరుకును ఇక్కడి నేలలోనే పండించే దారి వెతికారు, తరువాత కొంత మెక్సికో నుంచీ తెప్పించారు. సరుకు దొరికాక హోటళ్లు వచ్చాయి, హోటళ్ల చుట్టూ పేట పెరిగింది. ఈస్ట్ హాలీవుడ్‌లోని ఆ పేటను 1999లో నగరపాలక సంస్థ థాయ్ టౌన్‌గా గుర్తించింది. బ్యాంకాక్ మార్కెట్ 2019లో మూతబడింది.

2002లో థాయ్‌లాండ్ ప్రభుత్వం ‘గ్లోబల్ థాయ్’ పథకం పెట్టింది. ఆనాటికి విదేశాల్లో ఉన్న సుమారు 5,500 థాయ్ హోటళ్లను 8,000కు పెంచాలన్నది లక్ష్యం. వంటవాళ్లకు శిక్షణ, పెట్టుబడికి రుణాలు, ప్రమాణాలు పాటించినవాళ్లకు ‘థాయ్ సెలెక్ట్’ గుర్తింపు. వంటతో దౌత్యం నడపడానికి దీన్నే ఉదాహరణగా చూపిస్తుంటారు. మీ వీధి చివరి థాయ్ హోటల్ బ్యాంకాక్ సర్కారు కుట్ర అని చెప్పే వీడియోలూ ఉన్నాయి. పథకం నిజమే, దాని ఫలితమూ నిజమే. కానీ ఆ 5,500 హోటళ్లు అంతకుముందే ఎవరి సొమ్ముతో, ఎవరి చెమటతో లేచాయో ఆ వీడియోలు చెప్పవు.

కవరులోని డబ్బాకూ ఒక కథ ఉంది. మడతల కాగితపు డబ్బా థాయ్‌లదీ కాదు, చైనావాళ్లదీ కాదు. షికాగోకు చెందిన ఫ్రెడరిక్ విల్‌కాక్స్ 1894లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆల్చిప్పల మాంసం కారకుండా మోయడానికి వాడిన ఆ డబ్బా మీదకు ఎర్ర పగోడా బొమ్మ 1970లలో ఎక్కింది. బ్యాంకాక్‌లో పద్ధతి వేరు. కూరలన్నీ ట్రేలలో పరిచిన కొట్లో వేలితో చూపిస్తే, ప్లాస్టిక్ సంచిలో పోసి, గాలి పట్టి బిర్రుగా రబ్బరు బ్యాండు చుట్టి ఇస్తారు. హైదరాబాద్ కర్రీ పాయింట్‌లో సాంబారు కట్టించుకున్నవాళ్లకు అక్కడ దుబాసీ అక్కర్లేదు.

అమెరికాలో లంచ్ తెచ్చుకునే మనవాళ్లకు రెండు మాటలు. మెనూలో వెజిటేరియన్ అని రాసినంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. కూర ముద్దలో రొయ్యల పేస్టు, నూడుల్స్‌లో చేపల సాస్ ఉండవచ్చు, అడిగి తీయించుకోండి. ప్యాడ్ క్రపావ్ (ఆకు వేసిన వేపుడు) చెప్పేటప్పుడు ఏ ఆకు వేస్తారో కూడా అడగండి. అసలు వేయాల్సింది మన తులసికోటలో పెరిగే జాతే. చాలా హోటళ్లు దొరకక వేరే బేసిల్ వేస్తాయి.