ఆంబర్‌లో కీటకాలు, సాలీళ్లు

కోట్ల ఏళ్ల కిందట చెట్ల నుంచి కారిన బంక గట్టిపడి ఆంబర్‌గా మారింది. అందులో చిక్కుకున్న పురుగుల అధ్యయనం ప్రధానంగా బాల్టిక్ సముద్రతీరంలో పెరిగింది. అక్కడి ఆంబర్ వయసు సుమారు మూడున్నర నుంచి నాలుగున్నర కోట్ల ఏళ్లు.

ఆంబర్ చెట్టు నుంచి కారిన రసమేనని క్రీ.శ. 1వ శతాబ్దిలోనే రోమన్ రచయిత ప్లినీ చెప్పాడు. లోపల కనిపించే పురుగులనే రుజువుగా చూపాడు. తర్వాత పదహారు శతాబ్దాలపాటు ఆంబర్ నగలకు, జపమాలలకు, మందులకే ఎక్కువగా వాడారు. 1742లో నథానియేల్ సెండెల్ అనే వైద్యుడు సాక్సనీ రాజసేకరణలోని ముక్కలను బొమ్మలతో సహా వర్ణించాడు. 1849లో డ్రెస్డెన్ అగ్నిప్రమాదంలో ఆ సేకరణ కాలిపోయింది.

ఈ శాస్త్రానికి గట్టి పునాది వేసినవాడు డాంజిగ్ (నేటి పోలండ్‌లోని గ్డాన్‌స్క్) వైద్యుడు గెయోర్గ్ కార్ల్ బెరెంట్. వేల ముక్కలు సేకరించి, ఒక్కో జీవిజాతిని ఆ విద్య తెలిసినవారికే అప్పగించాడు. సాలీళ్లు కార్ల్ లుడ్విగ్ కోఖ్ వంతుకు వచ్చాయి. బాల్టిక్ ముక్కల్లో పురుగు ఒంటికి తరచు ఒకపక్క తెల్లని పాలపొర కమ్మి ఉంటుంది. ఆ పొర పట్టని వైపు నుంచే వివరాలు చూడాలి. ఇలాంటి కష్టం మధ్య వెలువడిన కోఖ్ సాలీళ్ల సంపుటం (1854) అమూల్యమైనది. బెరెంట్ 1850లోనే మరణించడంతో దాన్ని చూడలేకపోయాడు. అందులో ఆర్కియా అనే వింత సాలీడు ఉంది: తలభాగం మెడలా పైకి లేచి, దాని నుంచి పొడవాటి దవడలు వేలాడుతుంటాయి. అది అంతరించిన జాతిగానే పరిగణించబడింది. 1881లో దాని బంధువు మడగాస్కర్‌లో సజీవంగా దొరికింది. కోఖ్ వర్ణన ఎంత నమ్మదగినదో దీనివల్ల తేలింది. 1868లో గుస్టావ్ మాయర్ బాల్టిక్ ఆంబర్ చీమలపై గ్రంథం వెలువరించాడు.

20వ శతాబ్దిలో చీమలపై వీలర్, సాలీళ్లపై పెట్రుంకెవిచ్ అనే శాస్త్రవేత్తలు కృషి చేశారు. రెండో ప్రపంచయుద్ధంలో కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయపు విఖ్యాత ఆంబర్ సేకరణలో గోట్టింగెన్‌కు తరలించిన భాగం మిగిలింది.

బర్మా ఆంబర్ ఇంకా పాతది, సుమారు 9.9 కోట్ల ఏళ్లు. 2018లో అందులో తోక ఉన్న సాలీడు లాంటి జీవి వెల్లడైంది.

మన దేశంలో గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గని ఆంబర్ సుమారు 5 కోట్ల ఏళ్ల నాటిది. అది గుగ్గిలం చెట్టు కుటుంబానికి చెందిన వృక్షాల బంక. 2010లో ప్రకటించిన పరిశోధనలో 700కు పైగా కీటకాలు, సాలీళ్ల వంటి జీవులు నమోదయ్యాయి. ఈ ఆంబర్ ద్రావకంలో కరుగుతుంది కాబట్టి పురుగును చెక్కుచెదరకుండా బయటికి తీయవచ్చు.