రాతి స్త్రీలు, రాయని పేర్లు

యూరప్ వెళ్లొచ్చిన మన తెలుగు కుటుంబాల ఆల్బములు తిరగేస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈఫిల్ టవర్ ముందు ఇల్లాలు, పీసా గోపురం ముందు ఇల్లాలు, ఆల్ప్స్ మంచులో చీర మీద స్వెట్టరు వేసుకుని ఇల్లాలు. ఫొటో తీసింది మాత్రం ఆయన. సెల్‌ఫోన్లు వచ్చాక ఈ పద్ధతి కొంత మారింది గానీ, ఎక్కడ నిలబడాలో, ఎటు తిరగాలో, ఎప్పుడు నవ్వాలో చాలా ఇళ్లలో ఇప్పటికీ కెమెరా పట్టుకున్న మగచెయ్యే చెబుతుంది.

నేను రెండు విడతలుగా యూరప్ తిరిగాను. రెండుసార్లూ తోడు వచ్చింది నా స్నేహితురాలే. ఇద్దరికీ పాత కట్టడాలంటే పిచ్చి. కెమెరా మా చేతుల్లోనే ఉండటంతో, ఫొటోలో ఎలా పడతామన్న ధ్యాస పోయి ఎదురుగా ఉన్నదేమిటో చూసే తీరిక దొరికింది. అలా చూస్తూ పోతే ఒక విషయం అర్థమైంది. ఆ పెద్ద పెద్ద కట్టడాల మీద ఎటు చూసినా స్త్రీల శరీరాలే. చెక్కిన పేర్లు చూస్తే మాత్రం దాదాపు అన్నీ పురుషులవే. ఈ రెండింటికీ మధ్య ఉన్న సంబంధాన్ని వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన వైపు నుంచి యూరప్‌ని చూసి రాసిన స్త్రీలు నిన్న మొన్న పుట్టినవాళ్లు కారు. పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు వెళ్లొచ్చి, తెలుగులో రాసుకున్న విశేషాలను తానే ఇంగ్లీషులో పెట్టి 1876లో మద్రాసులో పుస్తకంగా తెచ్చింది. సముద్రం దాటితే కులం పోతుందన్న రోజులవి. పాలితుల దేశపు ఆడమనిషి పాలకుల దేశాన్ని కళ్లారా చూసి, అది ఇలా ఉందని చెప్పడమంటే చిన్న సంగతి కాదు. చూడబడేది కాదు, చూసేది స్త్రీ అయినప్పుడు చరిత్ర వేరేగా కనిపిస్తుందన్న ధైర్యం నాకు ఆవిడ నుంచే వచ్చింది.

మొదట ఏథెన్స్ సంగతి. ఆక్రొపొలిస్ కొండ మీద ఎరెక్థియాన్ అనే గుడి ఉంది. క్రీస్తుపూర్వం 421కీ 406కీ మధ్య కట్టారని చెబుతారు. దాని దక్షిణపు వసారాకి స్తంభాలు లేవు. వాటి బదులు ఆరుగురు స్త్రీలు నిలబడి తలల మీద కప్పు మోస్తుంటారు. కరియాటిడ్లు అంటారు వాళ్లని. కొండ మీద ఇప్పుడున్నవి నకళ్లు. అసలు విగ్రహాల్లో ఐదు, కొండ కిందున్న, 2009లో తెరిచిన ఆక్రొపొలిస్ మ్యూజియంలో ఉన్నాయి. ఆరోది 19వ శతాబ్దం మొదట్లో లార్డ్ ఎల్గిన్ మనుషులు ఊడదీసుకుపోగా బ్రిటిష్ మ్యూజియం చేరింది. ఆమె నిలబడాల్సిన చోటుని ఏథెన్స్‌లో ఖాళీగానే ఉంచారు.

మ్యూజియంలో వాళ్ల చుట్టూ తిరిగి వెనక నుంచి కూడా చూడొచ్చు. వీపుల మీద లావాటి జడలు. ఒక్కొక్కరిదీ ఒక్కో రకం అల్లిక. నాకు మా ఊరి పెళ్లిళ్లలో ఒకరి వెనక ఒకరు కూచుని జడలు వేసుకునే అమ్మాయిలు గుర్తొచ్చారు. ఆ జడలు అందం కోసం మాత్రమే కాదు. మెడ దగ్గర రాయి సన్నబడితే పై బరువుకి విరిగిపోతుంది కాబట్టి, ఆ జుట్టు మెడకి దన్నుగా ఉంటుంది. సింగారం అనుకుని మనం మురిసేది నిజానికి బరువు మోసే ఏర్పాటు.

వీళ్లెవరన్న ప్రశ్నకి క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు రోమన్ రచయిత విట్రూవియస్ ఒక కథ చెప్పాడు. కారియే అనే ఊరు పర్షియా వాళ్ల పక్షం వహించిందట. గ్రీకులు ఆ ఊరి మగవాళ్లని చంపి, ఆడవాళ్లని బానిసలుగా పట్టుకొచ్చారట. ఆ శిక్ష కలకాలం గుర్తుండాలని వాళ్లు బరువులు మోస్తున్నట్టు కట్టడాల మీద చెక్కారట. ఈ కథను పండితులు చాలామంది నమ్మరు. గుడి కట్టిన కాలపు లెక్కల శాసనాల్లో ఈ విగ్రహాలను ఉత్త 'కోరై' అన్నారు, అంటే కన్యలు అని. అయినా తరతరాల వాస్తుశిల్పులు చదువుకున్నది విట్రూవియస్ కథనే. ఓడిపోయిన ఊరి ఆడవాళ్లు గెలిచినవాళ్ల కప్పు మోయడం సహజమేనన్నట్టు, యూరప్ అంతటా ఆ నమూనా పాకిపోయింది.

దాన్ని మళ్లీ వియన్నాలో చూశాం. థియోఫిల్ హాన్సెన్ గ్రీకు పద్ధతిలో కట్టిన ఆస్ట్రియా పార్లమెంటు భవనం 1883లో పూర్తయింది. అక్కడా కరియాటిడ్లున్నారు. ముందు 1902లో నిలిపిన ఎథీనా విగ్రహం ఉంది, బంగారు శిరస్త్రాణం పెట్టుకుని. ఆమె జ్ఞానానికి దేవత. ఆమె కాళ్ల దగ్గర శాసనాధికారం, కార్యనిర్వాహక అధికారం కూడా విగ్రహాలుగా కొలువుతీరాయి. మరి ఆ భవనం లోపల? రాజకీయ సంఘాల్లో సభ్యత్వం పొందకూడనివాళ్లు ఎవరో 1867 నాటి ఆస్ట్రియా చట్టం స్పష్టంగా చెప్పింది: విదేశీయులు, స్త్రీలు, మైనర్లు. స్త్రీలకి ఓటు 1918లో గానీ రాలేదు. 1919 మార్చిలో ఎనిమిదిమంది స్త్రీలు మొదటిసారి సభ్యులుగా ఆ భవనంలో కూచున్నారు. అప్పటికి రాతి స్త్రీలు ఆ భవనాన్ని మూడున్నర దశాబ్దాలుగా మోస్తున్నారు.

ఇక పేర్ల సంగతికొస్తే పారిస్‌ని మించిన పాఠశాల లేదు. పాంథియాన్ నెత్తిన పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, మహాపురుషులకు కృతజ్ఞతతో స్వదేశం అని. ఆ ఫ్రెంచి మాటకి మనుషులు అనే అర్థం కూడా ఉందని వాదించవచ్చు. కానీ దాని పైనున్న శిల్పం చూస్తే సందేహం తీరిపోతుంది. దావిద్ దాంజేర్ చెక్కిన ఆ శిల్పంలో మధ్యన నిలబడ్డ స్త్రీ స్వదేశం. ఆమె మహాపురుషులకు పూలకిరీటాలు పంచుతోంది. ఆ కిరీటాలు అందిస్తున్న స్త్రీ స్వేచ్ఛ. ఇంకో పక్కన కూచుని వాళ్ల పేర్లు రాసుకుంటున్న స్త్రీ చరిత్ర! కెమెరాని దగ్గరికి జరిపి ఆవిడ చేతిని చాలాసేపు చూశాను. చరిత్రే ఆడది. ఆమె రాసే పేర్లు మాత్రం మగవాళ్లవి.

ఆ భవనంలోకి 1907లో ఒక స్త్రీ చేరింది. ఆమె సోఫీ బెర్తెలో, శాస్త్రవేత్త బెర్తెలో భార్యగా, ఆయన పక్కన. తన స్వంత పని వల్ల అక్కడ చోటు దొరికిన మొదటి స్త్రీ మేరీ క్యూరీ, అది 1995లో. ఆ తరువాత 2015లో జెర్మెయిన్ తిలియోన్, జెనెవీవ్ ద గాల్ ఆంథోనియోజ్, 2018లో సిమోన్ వెయి, 2021లో జోసెఫిన్ బేకర్. వేళ్ల మీద లెక్కపెట్టే సంఖ్య.

ఈఫిల్ టవర్‌కి ఫొటోలు తీసేవాళ్లు లక్షల్లో ఉంటారు. మొదటి అంతస్తు కింద, నాలుగు వైపులా, సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు అక్షరాలతో ఉన్న పేర్లు చదివేవాళ్లు తక్కువ. 1889లో టవర్ కట్టినప్పుడు గుస్తావ్ ఈఫిల్ రాయించిన 72 మంది శాస్త్రవేత్తల, ఇంజనీర్ల పేర్లవి. ఒక్క స్త్రీ లేదు. సోఫీ జెర్మెయిన్ లేదు. ఆమెకి చదువుకోడానికి ప్రవేశం లేకపోతే 'మిస్టర్ లెబ్లాంక్' అనే మగపేరుతో ఉత్తరాలు రాసి గణితం నేర్చుకుంది. సాగి మళ్లీ యథాస్థితికొచ్చే పలకల కంపనాల మీద చేసిన కృషికి 1816లో ఫ్రెంచి అకాడమీ బహుమతి పొందింది. వంగడం, సాగడం, తట్టుకోవడం గురించిన శాస్త్రం లేకుండా ఇనప కట్టడాలెక్కడివి? ఆ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకరి పేరు ఆ ఇనుము మీద లేదు. మరో 72 మంది స్త్రీ శాస్త్రవేత్తల పేర్లు అక్కడ చేర్చాలని 2025లో ఒక కమిటీ సిఫార్సు చేసింది. అంటే నూట ముప్ఫై ఆరేళ్లు పట్టింది, ఆ మాట అనడానికి.

స్త్రీలు కట్టలేదు కాబట్టే పేర్లు లేవని అనుకుంటాం. రోమ్‌లో సాన్ లుయీజి దేయి ఫ్రాంచేజి చర్చిలో కరవాజ్జో బొమ్మల ముందు ఎప్పుడూ జనం కిక్కిరిసి ఉంటారు. అదే చర్చిలో సెయింట్ లూయీ చిన్నగుడి ఉంది. దాన్ని రూపొందించి, లోపలి చిత్రం కూడా వేసినామె ప్లౌతీల్లా బ్రిచ్చి, 17వ శతాబ్దపు స్త్రీ. జనికులం కొండ మీద ఒక పెద్ద విల్లా కూడా ఆమె కట్టించింది. దాని ఒప్పందపత్రంలో ఆమెను వాస్తుశిల్పి అనే మాటకి స్త్రీలింగ రూపం పెట్టి పేర్కొన్నారు. కానీ ఆ విల్లా గురించి 1677లో అచ్చయిన పుస్తకంలో ఘనత ఆమె సోదరుడికి పోయింది. 1849 యుద్ధంలో విల్లా కూడా కూలిపోయింది. ఇల్లూ పోయి, పేరూ పోయాక, ఆమెను మళ్లీ వెలికితీయడానికి పరిశోధకులు పాత కాగితాలు తవ్వాల్సొచ్చింది. 2021లో రోమ్‌లో ఆమె మీద ఒక ప్రదర్శన జరిగింది. మేము వెళ్లినరోజు ఆ చిన్నగుడి ముందు ఇద్దరమే ఉన్నాం.

చివరిగా చెప్పాల్సింది కెమెరా పట్టుకున్న స్త్రీ గురించి. జర్మనీలో దెస్సావు పట్టణంలో వాల్టర్ గ్రోపియస్ కట్టిన బౌహౌస్ బడి 1926లో తెరిచారు. ఆధునిక వాస్తుశిల్పం గురించిన ఏ పుస్తకం తెరిచినా ఆ అద్దాల గోడ ఫొటో ఉంటుంది. దాన్ని ఆ కోణంలో లోకానికి చూపించినామె లూసియా మొహోలి. 1894లో ప్రాగ్‌లో పుట్టింది. భర్త లాజ్లో మొహోలి నాగీ ఆ బడిలో గురువు. ఆమెకి అక్కడ జీతమున్న ఉద్యోగం లేదు. అయినా బరువైన గాజుపలకల మీద ఆ భవనాల్నీ, గురువుల ఇళ్లనీ, బల్లల్నీ, కుర్చీల్నీ ఓపికగా ఫొటోలు తీసింది. భర్త పేరుతో పేరొచ్చిన ఫొటో ప్రయోగాల వెనక చీకటిగదిలో చెయ్యి కలిపింది కూడా.

1933లో ఆమె సహచరుడు, కమ్యూనిస్టు నాయకుడు థియోడర్ నోయ్‌బవర్‌ని నాజీలు అరెస్టు చేశారు. యూదు కుటుంబంలో పుట్టిన లూసియా కట్టుబట్టలతో దేశం వదిలింది. ఐదువందలకు పైగా గాజు నెగటివ్‌లు వెనకే ఉండిపోయాయి. అవి గ్రోపియస్ చేతికొచ్చి, ఆయనతో అమెరికా చేరాయి. 1938లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో బౌహౌస్ ప్రదర్శన జరిగినప్పుడు పుస్తకంలో ఆమె తీసిన ఫొటోలు అచ్చయ్యాయి, ఆమె పేరు లేకుండా. ఆమె లండన్‌లో ఉండి, తన నెగటివ్‌లు యుద్ధంలో పోయాయనుకుంటూ బతికింది. ఆ రోజుల్లోనే, 1939లో, ఫొటోగ్రఫీ వందేళ్ల చరిత్రను పుస్తకంగా రాసింది! తన చిత్రాలు ఎక్కడున్నాయో తెలిశాక లాయర్లని పెట్టి పోరాడితే 1957లో సగంకన్నా తక్కువ వెనక్కి వచ్చాయి.

దెస్సావులో ఆ అద్దాల గోడ మూల దగ్గర నేనూ కెమెరా ఎత్తాను. పుస్తకాల్లో చూసిన కోణమే వచ్చింది. ఆ కోణం ఎవరిదో తెలిశాక అది అందమైన గోడగా మాత్రమే కనిపించడం మానేసింది. భవనం గ్రోపియస్‌ది. దాని కీర్తిలో ఆమె శ్రమ ఉంది. కట్టడాన్ని చూడటం, చూపించడం కూడా పనే. ఇంటి పనిలాగే దీన్నీ లెక్కలోకి రానివ్వరు.

తిరిగొచ్చాక ఫొటోలన్నీ చూసి మా పిన్ని అడిగింది, "ఇన్ని వందల బొమ్మల్లో నువ్వెక్కడే అమ్మాయ్? అంత ఖర్చు పెట్టుకుని వెళ్లి, నువ్వే లేకపోతే ఎలా?" అని. "తీసింది నేనే గదా పిన్నీ" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే వాటి వెనక నీ పేరు రాసిపెట్టు. రేపు మీ తమ్ముడు తీశాడంటారు" అంది. పుస్తకాలేవీ చదవని మా పిన్నికి బ్రిచ్చి సంగతీ, లూసియా సంగతీ ఎవరు చెప్పారు? తన జీవితమే చెప్పి ఉంటుంది.

అందుకే ఇప్పుడు ప్రతి ఫొటోకీ ఊరు, తేదీ, తీసిన మనిషి పేరు రాస్తున్నాం, నేనూ నా స్నేహితురాలూ. ఆ కట్టడంలో తెలిసిన స్త్రీ పేరు ఏదైనా ఉంటే అదీ రాస్తున్నాం. మన ఇళ్లలోని పాత ఆల్బములతో కూడా ఈ పని మొదలుపెట్టవచ్చు. అమ్మ ఎక్కడ నిలబడిందో మనకి తెలుసు. అమ్మ ఏం చూసిందో ఇంకా అడగలేదు.