గుండె పక్కన బాణం

1971. టొరంటోలో వికలాంగ బాలల కోసం నడిచే ఒక కేంద్రంలో చిన్న తరగతి. పిల్లలకు సెరిబ్రల్ పాల్సీ. అన్నీ వింటారు, అర్థం చేసుకుంటారు, కానీ నాలుక మాట వినదు, చేయి పెన్సిల్ పట్టదు. చక్రాల కుర్చీకి బిగించిన పలక మీద కొన్ని బొమ్మలుంటాయి: పాలగ్లాసు, రొట్టె, బాత్రూం. దాహమేస్తే గ్లాసు చూపిస్తారు. మరి నిన్న అమ్మ రాలేదని దిగులేసిందనుకోండి, ఏ బొమ్మ చూపించాలి? ‘నిన్న’కు బొమ్మ గీసేదెవరు?

అక్షరాలు నేర్పుదామంటే అవి ఇంకా అందని వయసు. టీచర్ షర్లీ మెక్‌నాటన్, ఆమె తోటివాళ్లు బొమ్మకీ అక్షరానికీ నడుమ ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతున్నారు. ప్రపంచంలోని రకరకాల గుర్తుల గురించి రాసిన ఒక పుస్తకంలో కొన్ని పేజీల దగ్గర వాళ్ల చూపు ఆగింది. ఆ గుర్తులు తయారుచేసిన మనిషి ఆస్ట్రేలియాలో ఉన్నాడు. పేరు చార్లెస్ బ్లిస్.

ఈయన కథ వేరే. 1897లో, అప్పటి ఆస్ట్రియా-హంగరీలోని చెర్నోవిట్స్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. ఊరినిండా రకరకాల జాతులు, ఎవరి భాష వాళ్లది, ఒకరంటే ఒకరికి పడదు. వియన్నాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివాడు. 1938లో నాజీలు ఆయన్ని డాకౌ, తర్వాత బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరాలకు పంపారు. భార్య క్లేర్ పట్టు విడవకుండా తిరగ్గా బయటపడి ఇంగ్లండ్ చేరాడు. అసలు ఇంటిపేరు బ్లిట్జ్. ఆ పేరుతోనే పిలిచే జర్మన్ బాంబుదాడులు లండన్ మీద పడుతుంటే, దాన్ని బ్లిస్‌గా మార్చుకున్నాడు. తర్వాత ఇద్దరూ షాంఘై చేరారు.

అక్కడ చైనా లిపి నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి దుకాణాల బోర్డులు చదవగలుగుతున్నాడు. ఒకరోజు ఉలిక్కిపడ్డాడు: తను చదువుతున్నది చైనా భాషలో కాదు, జర్మన్‌లో! గుర్తు చూడగానే అర్థం తడుతోంది, మాట సొంత భాషలో వస్తోంది. ఇలాంటి లిపి ప్రపంచమంతటికీ ఒకటుంటే, మాటలతో మనుషుల్ని రెచ్చగొట్టేవాళ్ల ఆటలు సాగవు, యుద్ధాలూ ఉండవు. ఇదీ ఆయన లెక్క. అమాయకత్వమే అనుకోండి, ఆ శిబిరాలు చూసొచ్చిన మనిషిని అలా అనడానికి నాకు నోరు రాదు. అలాంటి లిపి తనే కట్టి, 1949లో, ఆస్ట్రేలియా చేరాక, దాని మీద సొంత ఖర్చుతో పుస్తకం వేశాడు. క్లేర్ దేశదేశాల పండితులకు వేలకొద్దీ ఉత్తరాలు రాసింది. పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. 1961లో ఆమె పోయింది.

ఆ గుర్తులు చూస్తే ముచ్చటేస్తుంది. అలల గీత నీళ్లు. స్త్రీ గుర్తు మీద ఇంటికప్పు వేస్తే అమ్మ. గుండె బొమ్మ మనసులో కలిగేది ఏదైనా. దాని పక్కన పైకి బాణం ఉంటే సంతోషం, కిందికి ఉంటే దిగులు. మన అక్షరానికి తలకట్టు పెట్టినట్టు, గుర్తు నెత్తిన చిన్న కొండగుర్తు పెడితే అది పని అవుతుంది. దాని బదులు బ్రాకెట్ లాంటి వంపు పెడితే జరిగిపోయిన పని. అంటే ‘నిన్న’టి మాట చెప్పడానికి దారి దొరికినట్టే.

టొరంటో పిల్లలు వాటిని చకచకా పట్టేశారు. వేలు సాగనివాళ్లు చూపుతో చూపించారు. గుర్తులు జతచేసి, పలక మీద లేని మాటల్ని కూడా కల్పించుకున్నారు. బొమ్మలు చూపిస్తే మాట అసలే రాకుండా పోతుందన్న భయం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. అలా ఏమీ జరగదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

కబురు తెలిసి బ్లిస్ 1972లో టొరంటో వచ్చాడు. ఇన్నేళ్లకు తన గుర్తులతో మాట్లాడేవాళ్లు కనిపించారు! ఆయన సంబరానికి హద్దు లేదు. ఎక్కువ కాలం నిలవలేదది. టీచర్లు ప్రతి గుర్తుతో పాటు ఇంగ్లీషు మాట అచ్చువేస్తున్నారు. ఆ గుర్తులు తెలియని ఇంటివాళ్లకూ, బస్సు డ్రైవరుకూ పిల్లవాడు చెప్పేది అర్థం కావాలి కదా. పైగా టీచర్ల దృష్టిలో ఈ గుర్తులు చదువుకు మెట్టు. రేపు పిల్లవాడు అక్షరాలకు ఎక్కాలి. బ్లిస్‌కి ఒళ్లు మండింది. మాటల పీడ వదిలించడానికి తను లిపి కడితే, మళ్లీ మాటలకే తీసుకుపోతారా? అవసరానికి గుర్తుల్ని కాస్త మార్చినా ఒప్పుకోలేదు. ఉత్తరాలు, నిందలు, చివరికి లాయర్లు. ఈ తగవులో నేను టీచర్ వైపే. లిపి ఆయనదే, కానీ చక్రాల కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నది ఆయన కాదు.

1982లో రాజీ కుదిరింది. ఆయనకు లక్షా 60 వేల డాలర్లు. గుర్తులు వాడుకునే హక్కు టీచర్ల వైపున్న కెనడా సంస్థకు. మూడేళ్లకు ఆయన పోయాడు. యుద్ధాలు ఆపాల్సిన లిపి కెనడా దాటి, స్వీడన్ లాంటి దేశాల్లో మాట రాని పిల్లల పలకల మీదికి చేరింది. గుండె, పక్కన బాణం, వాటితో పాటు ఆయన వద్దన్న ఆ మాట.