నడవడి గడి నుంచి మదింపు లేఖ దాకా

అమెరికాలో రెసిడెన్సీకి దరఖాస్తు చేసుకునే మన బడి పిల్లలు నన్ను మార్కుల గురించి అడుగుతారు. నేను ముందు కాగితాల గురించి చెబుతాను.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల 1960లో మొదలైంది. తొలి బ్యాచ్‌ల పట్టాల మీద శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పేరుంటుంది. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక పట్టాలిచ్చే పని దానికి మారింది. దానికి 1998లో ఎన్టీఆర్ పేరు, 2022లో వైఎస్సార్ పేరు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు పెట్టారు. అందరూ చదివింది అదే కళాశాలలో, పని నేర్చుకున్నది అదే రుయా ఆస్పత్రిలో. పట్టాల మీద మాత్రం వేర్వేరు పేర్లు. అమెరికాలోని ఈసీఎఫ్‌ఎంజీ పట్టా నిజమో కాదో నేరుగా ఇక్కడినుంచే నిర్ధారించుకుంటుంది. కాబట్టి తాము చదివిన ఏడాదికి ఏ పేరు చెల్లుతుందో పిల్లలు ముందే చూసుకోవాలి.

కళాశాల రాసిచ్చే లేఖ మరో ముఖ్యమైన కాగితం. దాన్ని ఒకప్పుడు డీన్ లేఖ అనేవారు. 2002లో దాని పేరు విద్యార్థి పనితీరు మదింపు, అంటే ఎంఎస్‌పీఈ, అయింది. పేరులోనే ఉంది: అది సిఫారసు కాదు, మదింపు. 2022 నుంచి స్టెప్ 1 పరీక్షలో స్కోరు ఇవ్వడం మానేసి పాస్, ఫెయిల్ మాత్రమే చెబుతున్నారు. దాంతో మిగతా కాగితాలను మరింత శ్రద్ధగా చదువుతున్నారు.

మన టీసీలో నడవడి గడి గుర్తుందా? అందరికీ ఒకటే మాట: "సంతృప్తికరం". ఆ మాట అక్కడ ఏమీ చెప్పదు. ఏ వార్డులో, ఎన్ని వారాలు, ఏ పని, ఎంత బాగా చేశారన్నదే చెబుతుంది.

గురువులకు నా విన్నపం ఒకటే. శిష్యుల గురించి మీకు తెలిసింది చాలా ఉంది. అది ఏడాదికేడాది కాగితం మీద పెట్టండి.