చేవెళ్ల, మొయినాబాద్: ఫిజియోథెరపీకి మొదటిసారి వెళ్తున్నారా? ఇవి తెలుసుకోండి

హైదరాబాద్–బీజాపూర్ రహదారిపై ప్రమాదంలో కాలు విరిగినా, పక్షవాతం వచ్చినా, మోకాలి మార్పిడి చేయించుకున్నా డిశ్చార్జి కాగితంలో సాధారణంగా కనిపించే మాట 'ఫిజియోథెరపీ'. చాలామంది వాయిదా వేసేదీ దాన్నే. డాక్టర్ కదిలించమన్నాక కూడా కదిలించకుండా వదిలేస్తే కీలు బిగుసుకుపోతుంది, కండరం బలం తగ్గుతుంది. ఆపరేషన్ బాగా జరిగినా మోకాలు పూర్తిగా వంగకపోవచ్చు.

ఎక్కడ అడగాలి?
చేవెళ్లలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మొయినాబాద్ మండలంలో భాస్కర్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఫిజియోథెరపీ సేవలు ఏ రోజుల్లో, ఏ వేళల్లో అందుతాయో ముందే కనుక్కొని బయల్దేరండి. ప్రైవేటు క్లినిక్ అయితే థెరపిస్టు బీపీటీ లేదా ఎంపీటీ చదివారా అని అడగండి. అలా అడగడం తప్పేమీ కాదు.

ఏం తీసుకెళ్లాలి?
డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే, ఎంఆర్ఐ రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ దగ్గర పెట్టుకోండి. నొప్పి ఉన్న చోటు చూడటానికి వీలుగా వదులు దుస్తులు వేసుకోండి. మహిళలు మహిళా థెరపిస్టు కావాలని అడగొచ్చు, ఇంట్లోవాళ్లను తోడు తీసుకెళ్లొచ్చు.

ఏవి దాచకూడదు?
పేస్‌మేకర్, గర్భం, క్యాన్సర్ చికిత్స, రక్తం పలుచబడే మందుల గురించి ముందే చెప్పండి. కరెంటుతో ఇచ్చే కొన్ని చికిత్సలు వీరికి పనికిరావు. షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారి ఉంటే వేడి కాపడం తగిలినా తెలియదు, చర్మం కాలిపోతుంది.

మొదటి రోజు ఏం చేస్తారు?
ముందు పరీక్ష. కీలు ఎంత వంగుతోంది, బలం ఎంత ఉంది, నడక ఎలా ఉంది అని చూస్తారు. ఆ తర్వాతే ప్లాన్. పరీక్ష చేయకుండానే మెషీన్ పెడితే, సిట్టింగులన్నిటికీ డబ్బు ముందే కట్టమంటే కారణం అడగండి. వ్యాయామం తర్వాత ఒకట్రెండు రోజులు కాస్త నొప్పి మామూలే. వాపు, నొప్పి పెరుగుతూ పోతే ఆపేసి చెప్పండి.

ముందు డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?
నడుంనొప్పితో పాటు మూత్రం పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, కాలు ఉన్నట్టుండి బలహీనపడినా, పిక్క వాచి నొప్పి పుట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మూతి వంకర పోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి.

ఇంటి దగ్గర
రోజూ మెహిదీపట్నం దాకా బస్సులో వెళ్లిరావడం చాలామందికి కుదరదు. అందుకే మొదటి రోజే ఇంట్లో చేయాల్సిన వ్యాయామాలు రాయించుకోండి. ఏది ఎన్నిసార్లు చేయాలో అడగండి. థెరపిస్టు ఒప్పుకుంటే, మీరు చేస్తున్నప్పుడు మీ ఫోన్లోనే వీడియో తీయించుకోండి. సిట్టింగ్ గంటసేపే, మిగతా రోజంతా మీ చేతుల్లోనే ఉంటుంది.